చాంబర్‌లో దిగని 9ఎంఎం రీలోడ్లు: డై తిప్పే ముందు చూడాల్సినవి

పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్ ముందుకు వస్తుంది, పూర్తిగా మూసుకోకుండా రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతుంది. ఫ్యాక్టరీ తూటాలు చక్కగా పేలిన పిస్టల్‌లోనే, సొంతంగా లోడ్ చేసుకున్నవి ఇలా మొరాయిస్తాయి. చాలామంది వెంటనే వెళ్లి క్రింప్ డైని, అంటే కేస్ మూతిని బుల్లెట్ మీదికి మూసే అచ్చును, ఇంకో పావు చుట్టు బిగిస్తారు. ఒక్కోసారి దాంతో సరిపోతుంది. ఎక్కువసార్లు మాత్రం అసలు తప్పు అలాగే ఉండి, దానికి అతిక్రింప్ అనే రెండో తప్పు తోడవుతుంది. రౌండ్ ఎక్కడ తగిలి ఆగుతోందో తెలియకుండా ఏ డైనీ ముట్టుకోవద్దు. తెలుసుకోవడానికి కావాల్సింది విప్పదీసిన బ్యారెల్, ఒక నల్ల పర్మనెంట్ మార్కర్, ఒక డిజిటల్ కాలిపర్.

ఇక్కడ బుల్లెట్ అంటే ముందుకు దూసుకెళ్లే గుండు మాత్రమే, కేస్ అంటే ఇత్తడి గొట్టం, రౌండ్ అంటే అన్నీ కలిసిన తూటా, రీలోడ్ అంటే కాలిన కేస్‌ను మళ్లీ నింపి చేసుకున్న రౌండ్, చాంబర్ అంటే బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే గది, ప్రెస్ అంటే లివర్ లాగితే ర్యామ్ అనే కడ్డీ కేస్‌ను పైకెత్తి డై అనే అచ్చులోకి నొక్కే యంత్రం. కొలతలన్నీ అంగుళాల్లో, 9ఎంఎం లూగర్‌కు సంబంధించినవి. వేరే క్యాలిబర్ వచ్చినచోట పేరుతో చెబుతాను.

ముందు చట్టం సంగతి. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు లోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే మాత్రం కావాలి. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండొచ్చు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, వాళ్ల దగ్గర తుపాకీయే కాదు, తూటా ఉండటాన్ని కూడా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి, కాబట్టి ఇది అక్కడ ఇంట్లో చేసే పని కాదు. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ఊరి ప్రయాణానికి వాడకండి. జిప్పు మూలలో మిగిలిన ఒక్క రౌండ్ హైదరాబాద్ విమానాశ్రయం స్కానర్‌లో కనబడినా పోలీసు కేసు దాకా వెళుతుంది.

తుపాకీలో ఇరుక్కుపోతే

స్లైడ్ మూసుకోలేదని వెనక నుంచి అరచేత్తో కొట్టి మూయకండి. బుల్లెట్ రైఫ్లింగ్‌లో (బ్యారెల్ లోపలి మెలికల గట్లలో) తగిలి ఆగి ఉంటే, ఆ దెబ్బకు ఇంకా లోపలికి దిగి బిగుసుకుంటుంది. తర్వాత వెనక్కి లాగినప్పుడు కేస్ ఒక్కటే బయటికొచ్చి, బుల్లెట్ బ్యారెల్‌లో ఉండిపోయి, కేస్‌లోని పేలుడు మందు మెకానిజం అంతా చిందుతుంది. అలా జరిగితే బ్యారెల్ మూసుకుపోయినట్టే. దాన్ని విప్పి, బోర్‌లో వెలుతురు కనిపించేదాకా ఇంకో రౌండ్ పెట్టకూడదు.

సరైన పద్ధతి ఇది. గొట్టం లక్ష్యం వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. మ్యాగజైన్ తీసేసి స్లైడ్‌ను గట్టిగా వెనక్కి లాగండి. రాకపోతే ఒక చేత్తో స్లైడ్ వెనక గీతల దగ్గర బిగించి పట్టుకుని, రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య భాగంతో గ్రిప్ వెనక వైపు నుంచి ఒక్కసారిగా ముందుకు కొట్టండి. ఈ పనిలో కేస్ బయటికొచ్చే కిటికీ మీద చెయ్యి ఉండకూడదు. అప్పటికీ రాకపోతే రేంజ్ ఆఫీసర్‌కు చెప్పి, తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్ చేతికి ఇవ్వండి. బతికున్న ప్రైమర్ (కేస్ అడుగున ఉండి మందును అంటించే, ఇంకా పేలని చిన్న టోపీ) చాంబర్‌లో ఉండగా గొట్టం వైపు నుంచి కడ్డీ పెట్టి కొట్టడం ప్రాణాలతో చెలగాటం.

బ్యారెల్‌లో వేసి చూడటం

తుపాకీ ఖాళీ చేసి బ్యారెల్ విప్పండి. చాంబర్‌ను బ్రష్‌తో బాగా తోమి ఆరనివ్వండి. మొదట ఫ్యాక్టరీ రౌండ్ వేసి చూడండి. అదీ సరిగ్గా దిగకపోతే తప్పు మీ లోడింగ్‌ది కాదు, చాంబర్‌లో పేరుకున్న మసిది. సీసం బుల్లెట్లు వాడే బ్యారెళ్లలో, కేస్ మూతి ఆనుకునే మెట్టు దగ్గర సీసం రింగులా పేరుకుంటుంది. రీలోడ్ తప్పే అనుకుని రోజంతా డైలు తిప్పినా ఆ రింగు పోదు.

తర్వాత మీ రౌండ్‌ను వేళ్లతో వదలండి, నెట్టొద్దు. మంచి రౌండ్ నాలుగు పనులు చేస్తుంది: టక్కుమని శబ్దం చేస్తూ అడుగంటుతుంది, కేస్ వెనకభాగం బ్యారెల్ హుడ్ (చాంబర్ పైన వెనక్కి పొడుచుకొచ్చిన భాగం) అంచుతో సమానంగా నిలుస్తుంది, వేలితో తిప్పితే అడ్డం లేకుండా తిరుగుతుంది, బ్యారెల్‌ను తలకిందులు చేస్తే దానంతట అదే జారి పడుతుంది. హుడ్ ఎత్తు తుపాకీని బట్టి మారుతుంది కాబట్టి, ఫ్యాక్టరీ రౌండ్ ఎక్కడ నిలిచిందో అదే మీ గుర్తు.

నాలుగింటిలో ఏది తప్పిందన్నదే మొదటి ఆధారం. అడుగంటింది గానీ తిరగట్లేదంటే, బుల్లెట్ రైఫ్లింగ్‌ను తాకుతోందని మొదటి అనుమానం. పైకి పొడుచుకుని ఉండి, వేలితో నొక్కితే కొద్దిగా దిగుతోందంటే కేస్ ఎక్కడో లావుగా ఉంది. బాగా దిగింది, తిరిగింది, కానీ తుపాకీలో స్లైడ్ మూసుకోవట్లేదంటే కేస్ అడుగు అంచు (రిమ్), దాన్ని పట్టి లాగే కొక్కెం (ఎక్స్‌ట్రాక్టర్), స్లైడ్‌ను ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగ్ వైపు చూడాలి. ముక్కు మ్యాగజైన్‌లోనో చాంబర్‌లోకి ఎక్కించే వాలు (ర్యాంప్) మీదో తగిలి ఆగడం ఫీడింగ్ సమస్య, దానికి ఈ చిట్కాలు పనికిరావు.

కేస్ గేజ్ (రౌండ్‌ను వేసి సైజు చూసే గొట్టం) ఉన్నవాళ్లకు ఇంకో సౌకర్యం. గేజ్ ప్రధానంగా కేస్ బయటి కొలతలను చూస్తుంది, మీ బ్యారెల్‌లో రైఫ్లింగ్ ఎక్కడ మొదలవుతుందో దానికి తెలియదు. గేజ్‌లో దిగి బ్యారెల్‌లో దిగకపోతే దోషం దాదాపు ఎప్పుడూ బుల్లెట్ ఆకారానిదో, మొత్తం పొడవుదో. బ్యారెల్‌లో దిగి గేజ్‌లో ఆగితే, గేజ్ మీ చాంబర్ కన్నా బిగువుగా ఉందని అర్థం. ఆ రౌండ్‌ను ప్రాక్టీసుకు వాడుకోవచ్చు, పోటీకి మాత్రం వద్దు.

సిరా పోయిన చోటు

దిగని రౌండ్‌ను ఒకటి తీసుకుని, బుల్లెట్ ముక్కు నుంచి రిమ్ దాకా మొత్తం మార్కర్‌తో నల్లగా పూయండి. అర నిమిషం ఆరనివ్వండి. బ్యారెల్‌లో వేసి వేళ్లతో మెల్లగా నొక్కి, ఒక పావు చుట్టు తిప్పి, బయటికి తీయండి. వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని చూస్తే ఇత్తడి మెరుస్తున్న చోటు కనిపిస్తుంది. తగిలింది అక్కడే. ఒక్క రౌండ్‌తో తీర్పు చెప్పొద్దు. నాలుగైదు చూడండి, వేర్వేరు కంపెనీల కేసులైతే ఇంకా మంచిది. అన్నింట్లో ఒకే చోట సిరా పోతే డై సెట్టింగ్ తప్పు. కొన్నింట్లోనే పోతే కేసుల తప్పు.

మూతి అంచున సిరా పోతే

కేస్ మూతి చుట్టూ సన్నటి మెరుపు గీత కనిపిస్తే, బుల్లెట్ పెట్టడానికి తెరిచిన మూతి పూర్తిగా మూసుకోలేదు. ఇది అన్నింటికన్నా తేలికైన తప్పు. కాలిపర్ దవడల సన్నటి అంచుతో సరిగ్గా మూతి కొసన కొలవండి. 9ఎంఎం కేస్ వెనక్కి పోయేకొద్దీ లావవుతుంది కాబట్టి కొద్దిగా కింద పట్టుకున్నా అంకె తప్పు వస్తుంది. సామీ (అమెరికా తూటాల ప్రమాణాల సంస్థ) ప్రమాణాల్లో మూతికి గరిష్ఠం 0.380. పని జరిగే కొలత 0.376 నుంచి 0.378. ఈ అంకె ఎక్కడిదో తెలిస్తే మంచిది: బుల్లెట్ 0.355, ఇత్తడి గోడ ఒక్కో వైపు సుమారు 0.011, మొత్తం 0.377. అంటే మనం చేసేది నొక్కడం కాదు, తెరిచిన మూతిని మళ్లీ నిటారుగా నిలబెట్టడమే.

సర్దడానికి ప్రైమర్, మందు లేని డమ్మీ రౌండ్ వాడండి. బుల్లెట్ కూర్చోబెట్టే డైతోనే క్రింప్ కూడా చేస్తుంటే ముందు ఆ రెండు పనులూ విడదీయండి. ఒకే డైలో చేస్తే మూతి మూసుకుంటూ ఉండగానే బుల్లెట్ ఇంకా కిందికి దిగుతూ ఉంటుంది, అంచు దాన్ని గీరుతుంది. క్రింప్ డైని పైకి తీసి, ర్యామ్‌ను డమ్మీతో పూర్తిగా ఎత్తి, డై మూతికి తగిలేదాకా చేత్తో దించండి. ర్యామ్ కొద్దిగా దించి డైని ఎనిమిదో వంతు చుట్టు తిప్పండి, మళ్లీ నొక్కి కొలవండి. మామూలు డై మర అంగుళానికి 14 చుట్లు కాబట్టి ఎనిమిదో వంతు అంటే డై సుమారు 0.009 దిగడం. 0.377 రాగానే ఆపి, డై కదలకుండా పట్టే లాక్‌రింగ్ బిగించండి. ఆ డమ్మీ బుల్లెట్‌ను ఊడబీకి చూస్తే, దాని మీద మూతి గుర్తు ఉందా లేదా అన్నంత పలుచగా ఉండాలి. గోరు తట్టుకునే గాడి పడితే ఎక్కువైంది.

ఎక్కువైతే ఏమవుతుందో తెలియాలి, ఎందుకంటే బిగింపు ఎక్కువైతే మంచిదే కదా అనే నమ్మకం బాగా పాతుకుపోయింది. 9ఎంఎం రౌండ్ చాంబర్‌లో మూతి అంచు మీద ఆని నిలుస్తుంది. దాన్ని బుల్లెట్‌లోకి వంచేస్తే ఆనడానికి అంచు మిగలదు. రౌండ్ లోతుగా జారి, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం మీద వేలాడుతుంది. పైగా ఇత్తడి నొక్కి వదిలితే కొంత వెనక్కి సాగుతుంది, సీసం సాగదు. అందుకే అతిగా క్రింప్ చేస్తే బుల్లెట్ మీద పట్టు పెరగదు, తగ్గుతుంది. పూత ఉన్న సీసం బుల్లెట్లలో పూత తెగి బ్యారెల్‌కు సీసం అంటుతుంది. బుల్లెట్‌ను పట్టుకోవాల్సింది కాలిన కేస్‌ను మళ్లీ సన్నం చేసే సైజింగ్ డై ఇచ్చిన బిగువు, క్రింప్ కాదు.

మూతి దగ్గర సీసమో రాగిపూతో చెక్కుగా లేచి నిలవడం కూడా ఇక్కడే కనిపిస్తుంది. అది మూతి తక్కువగా తెరవడం వల్ల. బుల్లెట్ అడుగు చేత్తో పెడితే పడిపోకుండా నిలిచేంత తెరిస్తే చాలు. మరీ తెరిస్తే కొన్నాళ్లకు మూతులు చీలతాయి.

బుల్లెట్ మీద గీతలుంటే

ముక్కు వంపు దగ్గర చుట్టూ సమదూరంలో చిన్న చిన్న గీతలు కనిపిస్తే అవి రైఫ్లింగ్ గట్ల ముద్రలు. రౌండ్ పొడవు మీ బ్యారెల్‌కు ఎక్కువైంది. సామీ గరిష్ఠం 1.169 అని చదివి, దాని లోపు ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ అంకె మ్యాగజైన్‌కూ ప్రమాణానికీ సంబంధించిన హద్దు. మీ చేతిలోని బుల్లెట్ ఆకారం, మీ చేతిలోని బ్యారెల్ కలిసి పెట్టే హద్దు దానికన్నా చాలా తక్కువ ఉండొచ్చు. గుండ్రటి ముక్కు 124 గ్రెయిన్ల (గ్రెయిన్ బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ 1.150 దగ్గర హాయిగా దిగే బ్యారెల్‌లోనే, చదును ముక్కు బుల్లెట్ 1.100కే తగలొచ్చు, ఎందుకంటే దాని పూర్తి లావు ముక్కు వైపు ఎక్కువ దూరం సాగుతుంది. సీజెడ్ 75 కుటుంబం పిస్టళ్లలో రైఫ్లింగ్ త్వరగా మొదలవుతుందని రీలోడింగ్ చేసేవాళ్లలో బాగా తెలిసిన సంగతే. గ్లాక్ నుంచి సీజెడ్‌కు మారినవాళ్లకు పాత డబ్బాలో తూటాలు దిగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

మీ హద్దు కనుక్కోవడానికి, సైజ్ చేసి మూతి తెరిచిన ఖాళీ కేస్‌లో బుల్లెట్‌ను కావాలనే పొడుగ్గా కూర్చోబెట్టి, మూతిని మామూలుగా మూయండి. బ్యారెల్‌లో వేసి తిప్పండి. తిరగకపోతే 0.005 లోపలికి దించి మళ్లీ వేయండి. అడ్డం లేకుండా తిరిగిన మొదటి పొడవు రాసుకుని, అందులోంచి 0.015 తీసేయండి. అదే ఆ బుల్లెట్‌కు, ఆ బ్యారెల్‌కు పని చేసే గరిష్ఠ పొడవు. బుల్లెట్ బ్రాండు మారినా, బరువు మారినా మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. రెండు పిస్టళ్లకు ఒకే లోడ్ కావాలంటే తక్కువ వచ్చినది తీసుకోండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బుల్లెట్‌ను లోపలికి దించితే కేస్‌లో ఖాళీ తగ్గుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. 9ఎంఎం కేస్ అసలే చిన్నది, గరిష్ఠ సగటు ఒత్తిడి హద్దు 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అందుకే కొద్దిపాటి లోతు తేడా కూడా లెక్కలోకి వస్తుంది. రీలోడింగ్ మాన్యువల్‌లో ఆ బుల్లెట్‌కు ఇచ్చిన పొడవు కన్నా మీది తక్కువైతే, ఇప్పటిదాకా వాడిన మందు మోతాదును అలాగే ఉంచకండి. ప్రచురించిన ప్రారంభ మోతాదుకు దిగి అక్కడి నుంచి కొద్దికొద్దిగా పైకి రండి. మాన్యువల్ పొడవుకూ మీ పొడవుకూ మరీ దూరం ఉంటే ఆ బుల్లెట్ మీ బ్యారెల్‌ది కాదు, సన్న ముక్కుది ఇంకోటి కొనుక్కోండి. మందు డబ్బా ముందు కూర్చుని అంచనాలు వేయడం కన్నా అది చవక.

పొడవు కొలిచేటప్పుడు ఐదారు రౌండ్లు వరుసగా కొలవండి. 0.010 కన్నా ఎక్కువ తేడా వస్తుంటే బుల్లెట్‌ను నొక్కి దించే సీటింగ్ స్టెమ్‌లో గ్రీజు, సీసం పేరుకుందేమో, ఒకేసారి చాలా కేసులు నడిపే ప్రోగ్రెసివ్ ప్రెస్ అయితే కేసులను పట్టే షెల్‌ప్లేట్ వదులైందేమో చూడాలి. అప్పుడు కొన్ని దిగుతాయి, కొన్ని దిగవు. ఇలా ఒక తీరున లేని సమస్యే ఎక్కువ తికమక పెడుతుంది.

.45 ఏసీపీలో మెట్టు ఉన్న సీసం బుల్లెట్లు వాడేవాళ్లు పొడవు కన్నా మెట్టును చూడాలి. అది మూతిపైన గోరు మందం, అంటే 0.030 దాకా, బయటికి ఉండాలి. ఎక్కువ బయటికొస్తే ఆ పూర్తి లావు భాగమే రైఫ్లింగ్ మొదట్లో తగులుతుంది. దాని మూతికి క్రింప్ కొలత 0.470, 0.471 దగ్గర.

నడుము దగ్గర ఉబ్బు

సిరా మూతి కింద, లోపల బుల్లెట్ అడుగు ఉండే చోట పోతే, ముందు ఆ మెరుపు చుట్టూ ఉందా, ఒక పక్కనే ఉందా చూడండి. కేస్ చుట్టూ సమానంగా కనిపించే సన్నటి నడుము మంచి పట్టుకు గుర్తే, దాన్ని చూసి బెదరకండి. ఒక పక్కనే ఉబ్బితే బుల్లెట్ వంకరగా దిగింది. కారణం మూతి చాలినంత తెరవకపోవడం, లేదా చదును స్టెమ్‌తో గుండ్రటి ముక్కును నొక్కడం. బుల్లెట్ ఆకారానికి సరిపడే స్టెమ్ మార్చి, మూతి కాస్త ఎక్కువ తెరిచి, బుల్లెట్‌ను నిటారుగా నిలబెట్టాక లివర్ లాగితే చాలావరకు పోతుంది.

చుట్టూ ఉబ్బి, చుట్టూ తగులుతుంటే బుల్లెట్ లావుదో, పొడుగుదో. సీసం బుల్లెట్లు 0.356 నుంచి 0.357 దాకా వస్తాయి. 147 గ్రెయిన్ల బుల్లెట్ అడుగు, కేస్ గోడ మందమయ్యే చోటు దాకా దిగుతుంది. ఈ రెండూ కలిసి, పైగా గోడ మందంగా ఉన్న మిలిటరీ కేస్ పడితే చాంబర్‌లో చోటు చాలదు. ఆ బుల్లెట్లకు పలుచని గోడ ఉన్న కేసులను ఏరి విడిగా పెట్టుకోవడమే నికరమైన దారి. లోడ్ అయిన రౌండ్‌ను కార్బైడ్ అనే గట్టి పదార్థపు రింగు గుండా మళ్లీ సైజ్ చేసే లీ ఫ్యాక్టరీ క్రింప్ డైతో ఇవి దిగుతాయి, నిజమే. కానీ అది కేస్‌తోపాటు లోపలి సీసాన్నీ నలిపి సన్నం చేస్తుంది. తర్వాత ఇత్తడి వెనక్కి సాగుతుంది, బుల్లెట్ వదులవుతుంది, బ్యారెల్‌కు సీసం అంటడం మొదలవుతుంది. రాగి తొడుగు బుల్లెట్లకు ఆ డై మంచిదే, సీసానికి వద్దంటాను.

రేంజ్‌లో ఏరుకున్న కేసుల్లో ఎఫ్‌ఎం, అమ్మోలోడ్, ఐఎంటీ ముద్రలున్నవి లోపల మెట్టుతో వస్తాయి. టార్చి వేసి చూస్తే కనబడుతుంది. వాటిని తుక్కులో వేయండి.

అడుగు భాగంలో

రిమ్ పైన, కేస్ అడుగున సిరా పోతే సైజింగ్ సరిగ్గా కాలేదు. సైజింగ్ డై షెల్‌హోల్డర్‌ను (ర్యామ్ మీద కేస్‌ను పట్టే భాగాన్ని) తాకేదాకా దిగిందా చూడండి. ఖాళీ ప్రెస్‌లో తాకి, కేస్ లోపలున్నప్పుడు మధ్యలో వెలుతురు కనిపిస్తుంటే ఒత్తిడికి ప్రెస్ సాగుతోంది, డైని ఇంకాస్త దించాలి. కార్బైడ్ రింగు పెళుసుది కాబట్టి ఎంత గట్టిగా ఆనవచ్చో ఆ డై తయారీదారు చెప్పినదాన్ని మించొద్దు. లివర్ సగంలో వదిలేసే అలవాటు కూడా ఇదే ఫలితం ఇస్తుంది.

డై సరిగ్గా ఉండీ కొన్ని కేసులే తగులుతుంటే, అవి అడుగున సరైన ఆధారం లేని చాంబర్లలోనో, ఎక్కువ ఒత్తిడి లోడ్లతోనో కాలినవి. డై అంచుకుండే వాలు వల్ల అడుగున చివరి కొద్ది భాగాన్ని ఏ మామూలు డై కూడా నలపలేదు. పాత .40 గ్లాక్‌ల కేసులకు ఈ ఉబ్బు పేరుమోసింది. 9ఎంఎం కేస్ వెనక్కి లావయ్యేది కాబట్టి, .40కీ .45కీ వాడినట్టు దాన్ని నిలువునా రింగు గుండా తోసే పద్ధతి సొంత డైతో కుదరదు. అలాంటి కేస్‌ను పారేయడమే నయం.

రిమ్ మీద, కేస్‌ను బయటికి విసిరే ఎజెక్టర్ కొట్టిన మొన లేచి ఉంటే సన్న ఆకురాయితో రెండు మూడు రుద్దులు చాలు. ప్రైమర్ కేస్ అడుగుకు 0.003 నుంచి 0.005 లోతులో ఉండాలి. వేలితో తడిమితే గుంట తెలియాలి. బయటికి పొడుచుకున్న ప్రైమర్ ఉన్న రౌండ్‌ను తుపాకీలో పెట్టకూడదు.

ఇప్పటికే లోడ్ చేసేసిన డబ్బా

మూతి మూసుకోనివి క్రింప్ డై గుండా మళ్లీ పంపితే సరిపోతుంది. పొడుగ్గా ఉన్నవాటిని దించొచ్చా అన్నది మందు మోతాదును బట్టి ఉంటుంది. కొత్త పొడవుకు ఆ మోతాదు సురక్షితమని ప్రచురిత డేటా చెప్పకపోతే బుల్లెట్ ఊడబీకాలి. క్రింప్ అయిన మూతి గుండా చాలా దూరం దించితే బుల్లెట్ చెక్కుకుపోతుంది కూడా. అడుగున ఉబ్బినవాటిని మళ్లీ సైజింగ్ డైలో పెట్టే ఆలోచన కలలో కూడా రానీయకండి. ఆ డైలోని పిన్ను పాత ప్రైమర్‌ను తోసేయడానికే ఉంది, లోడ్ అయిన రౌండ్‌లో అది ముందు బుల్లెట్ ముక్కునే గుద్దుతుంది, బుల్లెట్ ఊడబీకాక పెడితే బతికున్న ప్రైమర్ మీద దిగుతుంది.

ఊడబీకడానికి సుత్తి రకం పుల్లర్ (బుల్లెట్ ఊడదీసే పనిముట్టు) చాలు. కళ్లద్దాలు పెట్టుకోండి, దాంతో వచ్చిన, కేస్‌ను పట్టే కొల్లెట్‌నే వాడండి, గట్టి దుంగ అడ్డకోత మీద కొట్టండి. లోపల చెవికి పెట్టుకునే ఫోమ్ ప్లగ్ ఒకటి వేస్తే బుల్లెట్ ముక్కు నలగదు. బయటికొచ్చిన మందును అసలు డబ్బాలో కలపకండి.

సరిచేశాక

కొత్త సెట్టింగ్‌తో పది రౌండ్లు చేసి పదీ బ్యారెల్‌లో వేయండి. వాటిలో రెండు మూడింటి పొడవు కొలిచి, ముక్కును బల్ల అంచుకు ఆనించి బొటనవేళ్లతో గట్టిగా నొక్కి మళ్లీ కొలవండి. 0.003 కన్నా ఎక్కువ తగ్గితే బుల్లెట్ లోపలికి జారుతోంది, అంటే సైజింగ్ చాల్లేదు లేదా మూతి తెరిచే పిన్ను లావుగా ఉంది. చాంబర్‌లోకి ఎక్కుతూ ర్యాంప్‌ను గుద్దుకున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అందుకే ఒకే రౌండ్‌ను పదేపదే చాంబర్ చేయకూడదు.

అన్నీ కుదిరిన డమ్మీ ఒకదానికి, కేస్ అడుగున ప్రైమర్ గుంట ఖాళీగా కనిపించేలా ఉంచి, పక్కన రంధ్రం వేసి, బుల్లెట్ పేరు, బరువు, మొత్తం పొడవు, మూతి కొలత చీటీ మీద రాసి అంటించండి. ఒక్కో బుల్లెట్‌కు ఒక్కో డమ్మీ. మళ్లీ ఆ బుల్లెట్‌కు మారినప్పుడు డమ్మీని షెల్‌హోల్డర్‌లో పెట్టి, ర్యామ్ ఎత్తి, సీటింగ్, క్రింప్ డైలను దానికి తగిలేదాకా దించితే దగ్గర కొలత దొరుకుతుంది, మిగిలిన సర్దుబాటు కాలిపర్‌తో చేసుకోవచ్చు.